సల్లవడ్డంక

జంగమ్మ మజ్జిగ ఒలకబోసిందన్న వార్త సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళకే మేడ్చల్ ఫ్యాక్టరీ అంతా పాకిపోయింది. నేల మీదో బల్ల మీదో ఒలకబోసి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ట్రాక్టర్ రెగ్యులేటర్ల బోర్డుల మీద ఒలకబోసిందట! అందుకే మూడు నెలలుగా ఆ రెగ్యులేటర్లు పొలాల మధ్యలో పాడైపోయి డబ్బాలకు డబ్బాలు వెనక్కి వస్తున్నాయట. రెండు వేల మూడు ఏప్రిల్. ఎండలు మండిపోతున్నాయి. మజ్జిగ లేని టిఫిను లేదు. ఇంకేం, నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు.

లక్ష్మణ్‌కైతే అసలే కాలేదు. ఆ రెగ్యులేటర్ అతని బిడ్డలాంటిది. ఇంజను తిరిగేటప్పుడు పుట్టే కరెంటును బ్యాటరీకి ఎంత కావాలో అంతే అందించే అల్యూమినియం పెట్టె అది, అరచేతిలో ఇముడుతుంది. లోపల ఏది ఎక్కడ కూర్చోవాలో, ఏది ఎంత వేడెక్కవచ్చో లెక్కగట్టి గీసింది సీనియర్ డిజైన్ ఇంజనీరు లక్ష్మణే. కిందటి అక్టోబరులో కొత్త మోడల్ తెచ్చి పెట్టె ఎత్తు రెండు మిల్లీమీటర్లు తగ్గించాడు. రెండు మిల్లీమీటర్లేగా అనకండి. ఆ రెండింటికే ఎండీ గారు శాలువా కప్పి, ప్రశంసాపత్రం అద్దం కట్టించి ఇచ్చారు. అది అతని కుర్చీ వెనక గోడకే వేలాడుతోంది. పెట్టెలు వెనక్కి రావడం మొదలయ్యాక మాత్రం అటు తిరిగి చూడడం మానేశాడు.

అలాంటి సమయంలో క్వాలిటీ మేనేజర్ పూర్ణచంద్రరావు విచారణ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "దొరికిందండీ! మూడు నెలల పీడ విరగడైంది. ఆవిడే ఒప్పుకుని సంతకం పెట్టింది" అన్నాడు.

పూర్ణచంద్రరావు తెనాలి వైపు మనిషి. కష్టజీవి, దుర్మార్గుడేం కాదు. వచ్చిన రెండేళ్లలో ఇక్కడి మాటలు నేర్చుకోవాలని సరదాపడి, విన్న మాటనల్లా జేబులోని చిన్న నోటుబుక్కులో అర్థంతో సహా రాసుకునేవాడు.

లక్ష్మణ్ కాగితం చదివాడు. 'పనిచేసే చోట మజ్జిగ పడిన తరువాతనే బోర్డులు పాడగుచున్నవని కార్మికురాలు జంగమ్మ స్వయముగా తెలియజేసినది.' పక్కన ఫోటో. బోర్డు మీద టంకం చుట్టూ తెల్లటి మరక, ఎండిన మజ్జిగలాగే ఉంది. కింద 'డిజైన్ విభాగము వారి అభిప్రాయము' అని ఖాళీ వదిలారు. 'డిజైన్‌లో లోపం లేదు' అని రాసి సంతకం చేసేశాడు. చేసి, ఎన్నాళ్లకో గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

సాయంత్రం షిఫ్టు విడిచాక మెట్ల దగ్గర జంగమ్మే ఎదురైంది. ముప్పై అయిదేళ్లుంటాయి, శామీర్‌పేట మనిషి. ఏడేళ్లుగా లైన్లో టంకం పెడుతోంది. తన వెనక పాకిన వార్త ఆమె చెవిదాకా రానట్టుంది, మొహం వెలిగిపోతోంది.

"సార్, ఇన్నొద్దులకు నా మాట కాయితం మీదికి ఎక్కిచ్చిన్రు. రావు సార్ మంచిగ అడిగిండు, మంచిగ రాస్కున్నడు. మీరు గూడ సంతకం పెట్టిన్రంట. మీకు మొక్కుత సార్" అంది.

లక్ష్మణ్ ఆమె మొహంలోకి చూశాడు. తప్పు ఒప్పుకున్న మనిషి ఇంత సంబరంగా ఉంటుందా? "సరే సరే" అని స్కూటర్ దగ్గరికి నడిచాడు. నాగారంలో ఇల్లు చేరేదాకా ఆ సంబరం అతన్ని వదల్లేదు.

మంగళవారం ఉదయం గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను ఆపేశాడు. లిస్టులో పేరు కొట్టేశారు. శనివారం దాకా సస్పెన్షను, ఆ పైన పనిలోంచి తీసివేత. ట్రాక్టర్ కంపెనీ మనిషి గురువారం వస్తున్నాడు. తప్పు చేసినవాళ్లను పంపించేశామని అతనికి చూపించాలిగా మరి! జంగమ్మ టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని గేటు ఊచ పట్టుకుని నిలబడింది. లోపలికి పోయేవాళ్లు తల దించుకుని పోతున్నారు.

"లక్ష్మణ్ సార్!" అని పిలిచింది.

లక్ష్మణ్ స్కూటర్ ఆపలేదు. హెల్మెట్ ఉంది కదా, వినపడలేదనుకుంటుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి స్పష్టంగా వినపడింది. ఇంజను ఆపాక కూడా వినపడుతూనే ఉంది.

పదింటి దాకా డ్రాయింగు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్క గీత గీస్తే ఒట్టు. చివరికి లేచి లైన్లోకి వెళ్లాడు. డిజైన్ వాళ్లు లైన్లోకి రావడం అరుదు. ఆడవాళ్లంతా ఒక్కసారి తలెత్తి మళ్లీ పనిలో పడ్డారు. జంగమ్మ స్టూలు ఖాళీగా ఉంది, దాని మీద పాత చీరతో కుట్టిన మెత్త. పక్క స్టూలు మీద బాలమణి. ఈ లైన్లో అందరికంటే పెద్దది, ఎవరికీ భయపడే రకం కాదు.

లక్ష్మణ్ జంగమ్మ స్టూలు మీదే కూర్చున్నాడు. "జంగమ్మ మజ్జిగ ఎక్కడ పెట్టుకునేది?" అని అడిగాడు.

బాలమణి టంకం కడ్డీని తడి స్పాంజికి తుడిచి పక్కన పెట్టింది. "మజ్జిగేంది సార్, సోద్యం! అది సల్ల తాగనే తాగది. దానికి సల్ల పడది. ఓ గుక్క తాగిందంటే దినమంత తుమ్ములే."

"మరి మజ్జిగ పడిందని తనే సంతకం పెట్టిందటగా?"

"అదెందుకు పెడ్తది? ఆరు నెలల సంది అది ఒక్కటే ముచ్చట మొత్తుకుంటాంది. సూపర్‌వైజర్‌కు చెప్పింది, స్టోర్‌ల చెప్పింది, ఎవల్ ఇంటరు? సల్లవడ్డంక పగులుతున్నయి, సల్లవడ్డంక పగులుతున్నయని..."

లక్ష్మణ్ ఉలిక్కిపడ్డాడు.

ఆ మాట అతనికి వాళ్ల అమ్మ గొంతుతో వినపడింది. పాలు సల్లవడ్డంక తోడెయ్యాలె బిడ్డా. చాయ్ సల్లవడ్డంక తాగు, నాలిక కాల్తది. మేడ్చల్ పక్క ఊళ్లోనే పుట్టి పెరిగాడు. కాలేజీలో తోటివాళ్లు నవ్వారని ఆ మాటలన్నీ ఇంటి గడప దగ్గర విడిచి వచ్చేవాడు. పదహారేళ్ల నౌకరీలో ఒక్కసారైనా ఆఫీసులో నోరు జారలేదు. సల్లవడ్డంక అంటే చల్లబడ్డాక, చల్లారిన తర్వాత. మజ్జిగా లేదు, మన్నూ లేదు.

పూర్ణచంద్రరావు నోటుబుక్కులో ఏం రాసి ఉంటుందో చూడకుండానే తెలిసిపోయింది. సల్ల, అంటే మజ్జిగ. అంతవరకూ సరిగ్గానే నేర్చుకున్నాడు పాపం. విచారణలో "సల్ల పడ్డాకేనా?" అని ఆమె మాటలోనే అడిగి ఉంటాడు. ఇన్నాళ్లకు అర్థం చేసుకున్న మనిషి దొరికాడని ఆమె "అవ్ సార్, సల్లవడ్డంకనే!" అని ఉంటుంది. అని, ఆ గ్రాంథికం చదవరాక, రాసుకున్న మనిషిని నమ్మి సంతోషంగా సంతకం పెట్టింది.

లక్ష్మణ్ లేచాడు. లైను చివరన రెగ్యులేటర్లకు గంటసేపు లోడు పెట్టి వేడెక్కించే అర ఒకటుంది. బయటికి తీయగానే, చెయ్యి కాలేంత వేడి మీదే మీటరు పెట్టి, పాసంటూ అట్టపెట్టెలో సర్దేస్తారు. తొందర అలాంటిది. అందులోంచి ఐదు పెట్టెలు తీయించాడు. ఐదూ పాసయ్యాయి. వాటిని జంగమ్మ బల్ల మీద వరసగా పెట్టి, మూతలు విప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఇంజనీరుకు ఊరికే కూర్చోవడం చేతకాదు. రెండుసార్లు గడియారం చూశాడు. బాలమణి ఓరకంట చూసి, "గట్ల తొందరైతే కాదు సార్, ఓపిక పట్టాలె. జంగమ్మ గూడ గిట్లనే వేడి పెట్టెలు ముంగట పెట్టుకొని, అన్నం తిని వచ్చినదాంక ముట్టకపోయేది" అంది.

ముప్పావుగంటకు నాలుగో పెట్టెలోంచి 'టిక్' అని వినపడింది. గోరు విరిగినంత చిన్న చప్పుడు. లక్ష్మణ్ మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు.

భూతద్దం కింద చూస్తే కనపడింది. పెద్ద ట్రాన్సిస్టర్ నడిమి కాలు చుట్టూ, టంకంలో, వెంట్రుకంత పగులు. చుట్టూ ఉన్న తెల్లటి పొర బోర్డు కడిగాక మిగిలేదే. ప్రతి బోర్డు మీదా ఉంటుందని తనకు తెలుసు. తెలిసీ ఆ ఫోటో చూసి మజ్జిగనుకున్నాడు! అనుకోవాలని ఉంది కాబట్టి అనుకున్నాడు.

ఇక మిగతాది చిన్నపిల్లాడికైనా అర్థమయ్యేదే. ఆ ట్రాన్సిస్టర్ ఒళ్లు అల్యూమినియం గోడకు స్క్రూతో బిగించి ఉంటుంది, కాళ్లు బోర్డుకు టంకంతో అతికి ఉంటాయి. వేడెక్కితే అల్యూమినియం సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు కాలిని లాగుతుంది. పాత మోడల్లో ఆ కాలికి చిన్న వంపు ఉండేది, లాగినా సర్దుకునేది. ఆ వంపు తీసేసి కాలు నిటారుగా నిలబెట్టింది తనే. రెండు మిల్లీమీటర్లు అక్కడినుంచే వచ్చాయి. శాలువా కూడా.

"అయ్యో" అన్నాడు పైకే. బాలమణి విననట్టే పని చేసుకుంది.

బుధవారం పొద్దున్నే శామీర్‌పేటలో స్కూటర్ ఆపాడు. చెరువు వైపు సందులో మూడో ఇల్లు. అరుగు మీద జంగమ్మ పెనిమిటి ఎల్లయ్య వల చిక్కులు తీస్తున్నాడు. జంగమ్మ గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని చేపల పొలుసు తీస్తోంది. లక్ష్మణ్‌ను చూసి కూడా చెయ్యి ఆపలేదు. ఎల్లయ్యే లేచి స్టూలు వేశాడు.

"నిన్న పిలిస్తే ఇనకుంట వోయిన్రు" అంది జంగమ్మ, చేప తిప్పుతూ.

"వినపడింది జంగమ్మా. ఆగలేదు" అన్నాడు లక్ష్మణ్. అబద్ధం ఆడదామనే వచ్చాడు కానీ నోరు రాలేదు.

ఆమె చెయ్యి అప్పుడాగింది. లక్ష్మణ్ జరిగిందంతా చెప్పాడు. సల్లవడ్డంక అన్న మాట మజ్జిగ ఎలా అయిందో చెప్పగానే జంగమ్మ కాసేపు నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. పొలుసు అంటిన చేతుల్ని దూరంగా పెట్టుకుని, భుజంతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఎల్లయ్య కూడా నవ్వు ఆపుకోలేక వల వదిలేశాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె గొంతు మారిపోయింది.

"సంతకం నేర్సుకున్నంక ఒక్కపారి గూడ ఖుషీగ పెట్టలే సార్. గప్పుడు బ్యాంకుల, ఇంకప్పుడు దవాఖానల, అన్నీ పరేషాన్ సంతకాలే. మొన్నటిది ఒక్కటే మనసార పెట్టిన. గదే నా కొలువు తీసిందా?"

లక్ష్మణ్ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"పాత మాల్‌కు ప్రతి కాలు దబ్బనం మీద పెట్టి వంచుతుంటి" అంది జంగమ్మ, మళ్లీ చేప అందుకుని. "ఏడేండ్లు వంచిన. కొత్త మాల్‌కు వంచొద్దని మీ డ్రాయింగ్‌ల రాసిన్రు. పెద్ద సదువులోల్లు, ఏదో తెలిసే రాసుంటరనుకున్న."

"తెలిసి రాయలేదు. తప్పు నాదే. రేపు అందరి ముందూ చెప్తాను. నువ్వు పనిలోకి రావాలి."

"వస్త. గని ఊకెనే రాను. సల్ల ఒలకబోసిందని లైనంత అన్నరంట. కాదని గూడ లైన్ల అందరి ముందట అనాలె. ఆఫీసుల తలుపేసుకొని అంటే నాకు లెక్కకు రాదు." కత్తిపీట కిందికి వంచింది. "ఇంకోటి. నా స్టూలు కింద ఒక రేకు డబ్బా ఉంటది. తీసి చూడున్రి. పరాయి సొమ్ము, ఇంటికి తెచ్చుకోలే."

లక్ష్మణ్ బయల్దేరుతుంటే ఎల్లయ్య సందు చివరిదాకా వచ్చాడు. "అది రాత్రి అన్నం తినలే సార్" అని మాత్రం అన్నాడు.

స్టూలు కింద డబ్బా నిజంగానే ఉంది. పాత బిస్కెట్ డబ్బా. అందులో పదకొండు బోర్డులు, ఒక్కొక్కటీ క్యాలెండర్ కాగితంలో చుట్టి ఉన్నాయి. ఏ తేదీన చేసిన బోర్డో ఆ తేదీ కాగితమే. ప్రతి బోర్డు మీదా, సరిగ్గా నడిమి కాలు చుట్టూ, ఎర్రటి గోళ్లరంగుతో సున్నా చుట్టి ఉంది. లక్ష్మణ్ కంప్యూటర్ ముందు మూడు నెలలు తల బద్దలు కొట్టుకుంది ఆ ఎర్ర సున్నా కోసమే. తన కుర్చీకీ ఈ స్టూలుకీ మధ్య ఉన్నది ఒక్క గోడ, పన్నెండు మెట్లు. ఒక్కరోజు దిగి వచ్చి ఉంటే! సిగ్గేసింది. సిగ్గుతో పాటే, ఆ డబ్బాను రెండు చేతులా పట్టుకుంటే, కళ్లకద్దుకోవాలనిపించింది. అద్దుకున్నాడు కూడా. బాలమణి చూసింది.

గురువారం మీటింగులో ఎండీ గారు, ట్రాక్టర్ కంపెనీ నుంచి వచ్చిన పెద్దమనిషి, పూర్ణచంద్రరావు, లక్ష్మణ్. పూర్ణచంద్రరావు కాగితం చదవబోతుంటే లక్ష్మణ్ చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడే వేడి మీద పాసైన పెట్టెల్లోంచి ఆరింటిని బల్ల మీద పెట్టి, ఒక్కోదానికి ఒక్కో చిన్న బల్బు తగిలించాడు. ఆరూ వెలిగాయి.

"టీ తాగుదాం సార్. తాగి, ఇంకాసేపు మాట్లాడుకుందాం" అన్నాడు.

ఎండీ గారు విసుగ్గా చూశారు. వచ్చినాయన మాత్రం కుర్చీలో వెనక్కి వాలి బల్బుల్ని చూస్తూ కూర్చున్నాడు. గదిలో ఏసీ చల్లగా ఉంది. టీ అయింది, బిస్కెట్లు అయ్యాయి, ఆ ఏటి ఎండల సంగతీ అయింది. అప్పుడు 'టిక్' మంది. ఒక బల్బు ఆరింది. ఇంకో పది నిమిషాలకు ఇంకొకటి.

"డ్రాయింగ్ ఎవరిది?" అన్నారు ఎండీ గారు, తెలియక కాదు.

"నాదే సార్. కాలికి వంపు తీసేసింది నేనే. మనిషి తప్పేం లేదు, మజ్జిగ అసలే లేదు. చల్లబడ్డాక పగులుతున్నాయని జంగమ్మ ఆరు నెలలుగా చెప్తూనే ఉంది. మనకే వినపడలేదు." రేకు డబ్బా తెరిచి ముందుకు జరిపాడు.

పూర్ణచంద్రరావు చేతిలోని విచారణ కాగితం మడిచేశాడు. జేబులోంచి నోటుబుక్కు తీసి, ఒక పేజీ తిప్పి, చూసి, మూసేశాడు. ట్రాక్టర్ కంపెనీ ఆయన క్యాలెండర్ కాగితాలు ఒక్కొక్కటే విప్పాడు. ఎర్ర సున్నాలు చూశాడు. ఈ డబ్బా ఎవరిదని హిందీలో అడిగాడు. చెప్పారు. "ఆమె లైన్లో ఉన్నంతకాలం మీ దగ్గరే కొంటాం. వంపు పెట్టి పంపండి" అన్నాడు. అంతే, ఇంకే పంచాయితీ లేకుండా లేచాడు.

లక్ష్మణ్‌కు రావాల్సిన చీఫ్ పదవి ఆ ఏడు రాలేదు. పోతే పోయింది. ఆ రాత్రి మూడు నెలల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

శుక్రవారం జంగమ్మ వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ తనే తలుపు తీశాడు. లైన్లో మిషన్లు ఆపించి పూర్ణచంద్రరావు నడిమధ్య నిలబడ్డాడు. రాసుకొచ్చిన కాగితం ఉంది కానీ చదవలేదు.

"అమ్మా జంగమ్మా, సగం తెలుసుకుని మొత్తం తెలిసిందనుకున్నానమ్మా. నువ్వు చెప్పింది ఒకటి, నేను రాసింది ఒకటి. తప్పు నాది. అందరూ వింటున్నారుగా, నీ మీద మాటేం లేదు. నన్ను క్షమించాలి."

జంగమ్మ కంగారుపడి లేచి నిలబడింది. "అట్లనకున్రి సార్, పెద్దోల్లు మీరు" అంది. ఆ వెంటనే, నవ్వు దాచుకుంటూ, "గని ఆ బుక్కుల మంచిగ రాస్కోన్రి. సల్ల ఒకటి, సల్లవడుడు ఒకటి, సల్ల పడకపోవుడు ఇంకోటి" అంది. లైనంతా గొల్లుమంది. పూర్ణచంద్రరావు నిజంగానే పెన్ను తీశాడు.

నవ్వులు సద్దుమణిగాక లక్ష్మణ్ ఒక అట్ట పట్టుకుని వచ్చాడు. లోడు అర పక్కన గోడకు అంటించాల్సిన కొత్త నిబంధన. పెద్ద అక్షరాలతో రాశాడు. 'శీతలీకరణ అనంతరము పునఃపరీక్ష జరుపవలెను.'

జంగమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. రెండో మాట దగ్గరే ఆగిపోయింది.

"గిది ఎవల భాష సార్?"

"తెలుగే."

"నాకే సమజ్ గాలే. రేపొద్దుగాల కొత్తగ వచ్చెటోల్లకేం సమజైతది? మల్ల ఇంకో లొల్లి అయితది. మనం మాట్లాడుకున్నట్టు రాయున్రి."

మనం అంది. లక్ష్మణ్ అట్ట వెనక్కి తిప్పాడు. జేబులోంచి మార్కరు తీశాడు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ మాటలు ఎన్నడూ రాసిన చెయ్యి కాదు అది. తర్వాత రాశాడు. 'సల్లవడ్డంక మల్ల సూడాలె.'

"గిట్ల మంచిగున్నదా జంగమ్మా?" అన్నాడు. అని, తన గొంతు తనకే కొత్తగా వినపడి ఆగాడు. మాట వచ్చింది కదా, ఇంకా దాచుకోవడమెందుకని, "నువ్వు లేకుంటే నేను ఆగమైపోతుంటి. నీ మేలు మరువ" అన్నాడు.

బాలమణి టంకం కడ్డీ పక్కన పెట్టి కళ్లింతలు చేసింది. "ఓ యమ్మ! సారు మనోడేనా?"

"మరి మొన్న డబ్బా కండ్లకు అద్దుకున్నడని చెప్తివి గద, ఎవలోడనుకున్నవే?" అంది జంగమ్మ.

ఆమె మెత్త సర్దుకుని స్టూలు మీద కూర్చుంది. సొరుగులోంచి దబ్బనం తీసి కొంగుతో తుడిచింది. మొదటి ట్రాన్సిస్టర్ కాలు దాని మీద ఆనించి, బొటనవేలితో నెమ్మదిగా వంచి, వెలుతురుకు ఎత్తి చూసింది. లక్ష్మణ్ అట్టను గోడకు ఆనించి పట్టుకున్నాడు. బాలమణి టేపు అంటించింది.